పెన్‌డ్రైవు పలకనప్పుడు

గడచిన రెండు మాసాలుగా ఈ శీర్షికకు వచ్చిన జాబులలోను, పెండ్లిపందిళ్ళలో మమ్ము పట్టుకొని అడిగిన ప్రశ్నలలోను ఎక్కువ భాగం ఒకే సంగతిని గురించి వున్నవి. "పాత లాప్‌టాప్‌లో లినక్సు వేసుకుందామని పెన్‌డ్రైవు సిద్ధం చేశాము. అది పెట్టి మీట నొక్కితే మళ్ళీ పాత విండోసే వస్తున్నది; లేకుంటే నల్లని తెర వచ్చి నిలిచిపోతున్నది. ఏమి చేయమంటారు?" అని. ఆఫీసులో చిట్టాలు వ్రాసుకొనే మాకు ఇంజనీరు పట్టాలేమీ లేవు. ఆఫీసు యంత్రాలతోను, ఇరుగుపొరుగు యంత్రాలతోను కుస్తీపట్టగా తెలిసినది కొంత వున్నది. దానినే ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ ప్రశ్న ఇప్పుడే ఇంతమందికి ఎందుకు వచ్చినదంటే, కారణం స్పష్టమే. విండోసు 10కి ఉచితమైన మరమ్మతులు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. విండోసు 11 వేద్దామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, 2017, 2018 ప్రాంతాల తరువాత వచ్చిన ప్రాసెసరు కావాలి. మన ఇళ్ళలో వున్నవేమో అంతకు ముందటివి. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాపులు ఇవ్వడం మొదలుపెట్టినది గదా, అవి రాజపాళయంలోను, చోళపురంలోను ఎన్ని ఇళ్ళలోనో ఈనాటికీ వున్నవి. తమిళంలో వాటికి మడిక్కణిని అని పేరు పెట్టారు. ఒడిలో కూర్చునే కంప్యూటరని అర్థం. చక్కని మాట. మన ముసలమ్మలకు కూడా నోట పడిపోయినది గనుక మేమూ అదే వాడుతాము. వాటిలో చాలావాటిలో విండోసుతోపాటు బాస్ అనే లినక్సు కూడా వుండేది. చెన్నైలోని సీ-డాక్ వారు తయారుచేసినది. అప్పుడు దానిని తెరిచి చూచినవారు అరుదు. ఇప్పుడు ఆ లినక్సే కొత్త రూపులో వచ్చి పాత మడిక్కణినిని నాలుగేండ్లు నడిపిస్తుందని తెలిసి అందరూ పెన్‌డ్రైవులు పట్టుకున్నారు.

పెన్‌డ్రైవు సంగతికి ముందు ఒక హెచ్చరిక చేయక తప్పదు. పెన్‌డ్రైవు పలకకపోతే నష్టమేమీ లేదు. పలికిన తరువాతనే ప్రమాదం. "డిస్కు మొత్తం చెరిపి వేయమంటారా" అని అది అడుగుతుంది. తొందరలో ఔనంటే పిల్లల ఫొటోలు, మగ్గం లెక్కలు, పట్టా కాగితాల నకళ్ళు అన్నీ ఒక్క నిమిషంలో పోతవి. కాబట్టి మొదట మరొక డిస్కులోకి అన్నీ కాపీ చేసుకొని, అవి అక్కడ తెరచుకుంటున్నవో లేదో చూచుకొని, అప్పుడు మాత్రమే ఈ పనికి దిగాలి. పెన్‌డ్రైవులో అంతకు ముందు వున్నది కూడా ఈ పనిలో చెరిగిపోతుంది. ఖాళీదే తీసుకోండి.

ఇక అసలు సంగతి. మాకు వచ్చిన జాబులలో సగానికి పైగా ఒకే తప్పు కనిపించినది. ఐ.ఎస్.ఓ. అనే ఫైలును దిగుమతి చేసుకొని, దానిని పాటల ఫైలువలె పెన్‌డ్రైవులోకి కాపీ చేశారు. అది చాలదు. సత్రపట్టిలో గాజుగుడ్డ నేసే మగ్గాలు మనకందరికీ తెలిసినవే. మగ్గం భాగాలన్నీ మూటగట్టి షెడ్డులో ఒక మూల పడవేస్తే బట్ట వస్తుందా? బిగించాలి, పడుగు తోడాలి. ఐ.ఎస్.ఓ. ఫైలు ఆ మూట. దానిని విప్పి, యంత్రం మేలుకోగానే చదవగలిగే పద్ధతిలో పెన్‌డ్రైవు మీద పరచడానికి వేరే పనిముట్లు వున్నవి. విండోసులో రూఫస్, బలేనా ఎచర్ అనేవి ఉచితంగా దొరుకుతవి. లినక్సు మింటులో అయితే ఆ పనిముట్టు ముందే వుంటుంది. వెంటాయ్ అనే మరొకటి వున్నది. దానిని ఒకసారి పెన్‌డ్రైవు మీద వేసుకుంటే, ఆ తరువాత ఐ.ఎస్.ఓ. ఫైళ్ళను మామూలుగా కాపీ చేసినా చాలును. పైన చెప్పిన నియమానికి అదొక మినహాయింపు.

ఫైలు సరిగా దిగినదా అన్నది రెండవ అనుమానం. లినక్సు మింటు దాదాపు 3 గిగాబైట్లు, ఉబుంటు 24.04 దాదాపు 6 గిగాబైట్లు. సెల్‌ఫోను డేటా మీద అంత దింపేటప్పుడు మధ్యలో తెగడం మామూలే. అందుకని తయారుచేసినవారు ఫైలుతోపాటు షా-256 అనే గుర్తును కూడా ఇస్తారు. 64 అక్షరాల అంకెల వరుస. మన దగ్గరి ఫైలుకు ఆ గుర్తు లెక్కగట్టించి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క అక్షరం తేడా వున్నా ఫైలు చెడినదే, మళ్ళీ దింపుకోవలసినదే. చాలామంది దీనిని చాదస్తమనుకొని దాటవేస్తారు. చెక్కు మీద సంతకం సరిచూడకుండా డబ్బు ఇచ్చే బ్యాంకు గుమాస్తా వుంటాడా?

పెన్‌డ్రైవు మంచిదేనా అన్నది కూడా చూడాలి. బజారులో మూడు వందల రూపాయలకు ఒక టెరాబైటు అని అమ్మే సరుకులో లోపల వున్నది 8 గిగాబైట్లో, 16 గిగాబైట్లో. అది తన కొలతను అబద్ధం చెబుతుంది. నిండిన తరువాత వ్రాసినదంతా గాలికి పోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యు, ఎఫ్3 అనే పరీక్షలతో ఈ మోసం బయటపడుతుంది. నమ్మకమైన కంపెనీది 16 గిగాబైట్లది ఒకటి వుంటే ఏ లినక్సుకైనా చాలును.

ఇప్పుడు మీటింగు హాలులో ఒక పెద్దమనిషి అడిగినట్లు, "ఇవన్నీ సరిగానే వున్నవి, అయినా పలకడం లేదు" అనేవారి సంగతి. ఇక్కడ ఒక సూత్రం మాకు ఎంతో ఉపయోగపడినది. ఆ పెన్‌డ్రైవును వేరొక కంప్యూటరులో పెట్టి చూడండి. అక్కడ పలికితే పెన్‌డ్రైవు నిర్దోషి, తగవు మీ యంత్రంతోనే. అక్కడా పలకకపోతే యంత్రం జోలికి పోకుండా పెన్‌డ్రైవే మళ్ళీ వ్రాయండి. ఐదు నిమిషాల పని. ఇది చేయక రోజుల తరబడి యంత్రం లోపలి అమరికలన్నీ కెలికి, వున్నది కూడా పోగొట్టుకొన్నవారిని చూచాము.

చోళపురంలో ఒక ఇంటి సంగతి చెబుతాము. తండ్రికి మిల్లులో షిఫ్టు పని. తల్లి మగ్గాలవారికి నూలు లెక్కలు చూస్తుంది. పెద్దకూతురికి స్కూలులో వచ్చిన మడిక్కణినిలో తొమ్మిదేండ్ల లెక్కలు వున్నవి. ఆ పిల్ల పెండ్లి అయి వెళ్ళినది, యంత్రం ఇంట్లోనే వున్నది. తమ్ముడు పాలిటెక్నిక్కులో చదువుతున్నాడు, ప్రాజెక్టుకు యంత్రం కావాలి. వాడు వీడియో చూచి పెన్‌డ్రైవు తయారుచేశాడు. "ఆపరేటింగ్ సిస్టమ్ లేదు" అని ఇంగ్లీషులో ఒక వరుస వచ్చి నిలిచిపోయినది. ఒక కంప్యూటరు దుకాణానికి తీసుకువెళ్తే, "బోర్డు పోయినదమ్మా, కొత్తది కొనుక్కోండి, ముప్పైవేలవుతుంది" అన్నారట. ముప్పైవేలంటే ఆ ఇంటికి పిల్లవాని చదువే ఆగే మాట. ఆ తల్లి మా ఇంటికి వచ్చి, "అన్నా, లెక్కలైనా దక్కుతాయా?" అని అడిగినది. పిల్లవాని పెన్‌డ్రైవును మా ఇంటి యంత్రంలో పెడితే చక్కగా పలికినది. బోర్డు పోలేదు, పెన్‌డ్రైవూ పోలేదు. రెండింటికీ భాష కుదరలేదు, అంతే.

ఆ భాష ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మీట నొక్కగానే యంత్రంలో మొదట మేలుకొనేది ఒక చిన్న కార్యక్రమం. పాతవాటిలో దాని పేరు బయాస్. 2012లో విండోసు 8 వచ్చినప్పటి నుంచి వచ్చినవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త పద్ధతి. పాత బయాసుకు డిస్కు మొదటి గడిలో వ్రాసిన ఎం.బి.ఆర్. అనే చిన్న వ్రాత కావాలి. కొత్తదానికి అది అక్కరలేదు. ఒక ప్రత్యేక భాగంలో పెట్టిన ఫైలును వెదకి తెరుచుకుంటుంది, జి.పి.టి. అనే విభజన అయితే దానికి ఇంకా ఇష్టం. రూఫస్ తెరలో "పార్టిషన్ స్కీమ్" అని ఒక గడి వుంటుంది. పిల్లవాడు చూచిన వీడియో కొత్త యంత్రాలకు చేసినది గనుక అందులో జి.పి.టి. ఎంచుకొమ్మని వున్నది. 2012కు ముందటి మడిక్కణినికి అది అర్థం కాలేదు. ఎం.బి.ఆర్. అని మార్చి మళ్ళీ వ్రాయగానే పలికినది. ముందుగా లెక్కలన్నీ మరొక డిస్కులోకి తీసి భద్రం చేశాము. ఇందుకు విండోసు పనిచేయనక్కరలేదు. పెన్‌డ్రైవులోని లినక్సును వేయకుండా నడిపించి, అందులోనుంచే పాత డిస్కు తెరచి కాపీ చేసుకోవచ్చును. ఇది తెలియక ఎందరో లెక్కలు పోయినవనుకొని ఏడుస్తున్నారు.

మరి కొత్త యంత్రాల సంగతి వేరు. వాటిలో సెక్యూర్ బూట్ అని ఒక కాపలాదారు వుంటాడు. తనకు తెలిసిన ముద్ర వున్న కార్యక్రమాన్ని తప్ప లోపలికి రానీయడు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింటు మొదలైన పెద్ద లినక్సులకు ఆ ముద్ర వున్నది. చిన్న లినక్సులకు చాలావాటికి లేదు. వెంటాయ్‌తో అయితే మొదటిసారి దాని తాళంచెవిని యంత్రంలో నమోదు చేయవలసి వస్తుంది. 2024 ఆగస్టులో విండోసు మరమ్మతు ఒకటి వచ్చి, పాత ముద్రలను చెల్లకుండా చేసినది. నిన్నటిదాకా పలికిన పెన్‌డ్రైవులు "భద్రతా నియమ ఉల్లంఘన" అని ఇంగ్లీషులో ఒక వరుస చూపి నిలిచిపోయినవి. అలాటప్పుడు ఇటీవలి విడుదలను కొత్తగా దింపుకోవడం మేలు. కాపలాదారును కొంతసేపు పక్కకు తప్పించమని కూడా చెబుతారు. అంతకుముందు మీ డిస్కుకు బిట్‌లాకర్ తాళం వున్నదేమో చూడండి. వుంటే 48 అంకెల తాళం నంబరును మైక్రోసాఫ్టు ఖాతాలోనుంచి తీసి కాగితం మీద వ్రాసి పెట్టుకోండి. ఆ కాగితం లేకుండా సెక్యూర్ బూట్ మార్చారంటే, మరుసటి ఉదయం మీ విండోసే మిమ్మల్ని గడప తొక్కనీయదు.

యంత్రానికి పెన్‌డ్రైవు వైపు చూడమని చెప్పడం కూడా ఒక పనే. మీట నొక్కగానే వెంటవెంట ఒక మీటను తట్టాలి. డెల్‌కు, లెనోవోకు ఎఫ్12, హెచ్.పి.కి ఎస్కేప్, ఆపైన ఎఫ్9. ఆసుస్ మడిక్కణినికి ఎస్కేప్. ఏసర్‌కు కూడా ఎఫ్12యే గాని, ముందు ఎఫ్2 నొక్కి లోపల ఆ సదుపాయాన్ని అనుమతించి రావాలి. ఇది తెలియక ఏసర్‌వారు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. వచ్చిన జాబితాలో మీ పెన్‌డ్రైవు రెండుసార్లు కనిపిస్తే, ఒకదాని ముందు యు.ఇ.ఎఫ్.ఐ. అని వుంటుంది. డిస్కులో వున్న విండోసు ఏ పద్ధతిలో వున్నదో పెన్‌డ్రైవునూ ఆ పద్ధతిలోనే తెరవాలి. ఎంత తట్టినా జాబితా రాకపోతే విండోసు పూర్తిగా నిద్రపోలేదన్న మాట. షిఫ్టు మీట పట్టుకొని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు నిజంగా ఆగుతుంది. పాత యంత్రాలలో నీలిరంగు రంధ్రాన్ని వదలి నల్లరంగు దానిలో పెట్టి చూడండి. నడుమ హబ్బులేవీ వద్దు.

లినక్సు మెనూ వచ్చి, ఆ తరువాత తెర నల్లబడితే సంతోషించవలసినదే. పెన్‌డ్రైవు తన పని చేసినది, గొడవ తెర బొమ్మల కార్డుది. మెనూలో "సేఫ్ గ్రాఫిక్స్" అన్న వరుస వుంటే అది ఎంచుకోండి. అంతా తెరచుకొని, లోపలి డిస్కు మాత్రం కనిపించకపోతే, చాలా లాప్‌టాపులలో ఇంటెల్ ఆర్.ఎస్.టి. అనే అమరిక కారణం. దానిని ఏ.హెచ్.సి.ఐ.కి మార్చాలి. అయితే విండోసును కూడా వుంచుకోదలచినవారు ముందు ఆ విండోసును అందుకు సిద్ధం చేయకుండా మార్చరాదు, అది మేలుకోదు. ఇక్కడ మాత్రం తెలిసినవారిని పక్కన పెట్టుకోండి.

ఏ లినక్సు వేయాలని అడుగుతున్నారు. 2 గిగాబైట్ల జ్ఞాపకశక్తి వున్న మడిక్కణినికి ఉబుంటు బరువు. లుబుంటు గాని, మింటులో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం గాని మేలు. మరీ పాతవి, 32 బిట్టు ప్రాసెసరువి అయితే కొత్త లినక్సులు చాలావరకు వాటిని వదలివేసినవి. డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ విడుదల నుంచి వాటిపై వేసుకొనే సదుపాయాన్ని మానుకొన్నది. 64 బిట్టు ఫైలును వాటిలో పెట్టి పెన్‌డ్రైవును తిట్టి లాభం లేదు. మరొక చిన్న సంగతి: ఈ లినక్సులలో తెలుగు అక్షరాలు, తెలుగు కీబోర్డు పైకం లేకుండా దొరుకుతవి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో మాత్రమే వ్రాయగల మన పిల్లలకు అది చూపించండి.

పెన్‌డ్రైవును వ్రాసిన తరువాత విండోసులో మళ్ళీ పెడితే, "దీనిని ఫార్మాట్ చేయాలి" అని అది చెబుతుంది. నమ్మవద్దు. లినక్సు వ్రాతను విండోసు చదవలేకపోతున్నది, అంతే; ఔనన్నారంటే చేసిన పనంతా చెరిగిపోతుంది. పని ముగిశాక 16 గిగాబైట్ల పెన్‌డ్రైవు నాలుగు మెగాబైట్లుగా కనిపించినదని పారవేసినవారు కూడా వున్నారు. రూఫస్‌లోనే "నాన్ బూటబుల్" అని ఎంచి ఒకసారి నడిపిస్తే దాని పూర్తి కొలత తిరిగి వస్తుంది.