అడగకుండా లూపు వేసే హక్కు ఎవరిచ్చారు?

భద్రాచలం ఏజెన్సీ గూడేల అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు,

కిందటి నెల మన పక్క గూడెం కోయ పిల్ల ఒకామె ఆగని రక్తస్రావంతో అప్పుచేసి ప్రైవేటు స్కానింగుకు పోయింది. ఒంట్లో లూపు ఉందని అక్కడ తెలిసింది. ఎనిమిది నెలల కింద సర్కారు దవాఖానలో కాన్పయినప్పుడు వేశారు. ఆమెకు చెప్పలేదు, బయట కూచున్న తల్లికీ చెప్పలేదు. అంగీకార పత్రం చూపించమంటే చూపించారు. దాని మీద వేలిముద్ర ఉంది! నొప్పులు పడుతూ బల్ల మీద ఉన్నప్పుడు ఎవరో చెయ్యి పట్టి, బొటనవేలు సిరాప్యాడ్ మీద అద్ది, వరసగా నాలుగు కాగితాల మీద నొక్కించిన సంగతి ఆమెకు గుర్తుంది. ఏ కాగితం దేనికో తెలియదు. చెప్పి ఉన్నా తెలుగులో చెప్పేవారు. ఆమెకు వచ్చింది కోయ. సరే, తీసేయమని అడిగితే వచ్చిన జవాబు: "అప్పుడే తీస్తే ఎట్లా? రెండేళ్లన్నా ఉండనీ. నీ మంచికే కదా!"

మన మంచికే! ఈ మాట ఈ గడ్డ మీద ఇదివరకూ విన్నాం. 2009 జులైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. అందులో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన పిల్లలున్నారు. తల్లిదండ్రులు గూడెంలో పోడు పనిలో ఉంటే సంతకాలు వార్డెన్లు పెట్టారు. కేంద్రం వేసిన విచారణ కమిటీ లెక్క ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్ల సంతకాలవి, 1,948 వేలిముద్రలవి. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో అటు పాత్‌ను, ఇటు పరిశోధన మండలిని గట్టిగా తప్పుపట్టింది.

టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ అంది. టీకా మంచిదే కావచ్చు, ఆ క్యాన్సర్ నిజంగా ప్రాణాంతకమే. మన గొడవ టీకాతో కాదు. బిడ్డ ఒంట్లోకి సూది దిగేటప్పుడు తల్లిని అడగాలా వద్దా? పట్నంలో కార్పొరేట్ స్కూలు ప్రిన్సిపాల్ వేల మంది తల్లిదండ్రుల బదులు తానే సంతకం పెట్టగలడా? పెడితే తెల్లారేసరికి ఆ గేటు ముందు ఎన్ని కార్లు నిలబడతాయి? గూడెం పిల్లల విషయంలో మాత్రం ఒక్క వార్డెన్ పెన్ను సరిపోయింది. వార్డెన్ సంతకం పోయి ఇప్పుడు బలవంతపు వేలిముద్ర వచ్చింది. పదిహేనేళ్లలో వచ్చిన మార్పు ఇంతే.

అసలు ఈ భారమంతా ఆడవాళ్ల మీదకు ఎట్లా వచ్చింది? ఎమర్జెన్సీలో మగవాళ్లను పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారు. 1977లో ఆ ప్రభుత్వం కూలిపోయింది. మగవాడి జోలికి పోతే కుర్చీ పోతుందని పాలకులకు తెలిసింది. అంతే, కత్తి మన వైపు తిరిగింది. పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. మాత్రలు, కండోములు, లూపులు అన్నీ కలిపినా ఒక శాతం చుట్టూనే. ఒకే దారి తెరిచి ఉంచి, దాన్ని 'ఎంపిక' అంటున్నారు.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర, మూతపడ్డ ఆసుపత్రి భవనంలో, ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశాడు. ఆ వారం అక్కడి క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్నవారిలో పదిమందికి పైగా చనిపోయారు. వారిలో ఒక బైగా తెగ స్త్రీ ఉంది. బైగాల జనాభా తగ్గుతోందని 1979లోనే అప్పటి ఉమ్మడి మధ్యప్రదేశ్ ప్రభుత్వం వాళ్లకు ఆపరేషన్లు చేయొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలు చాలు, ఆపరేషన్ చేయండి అని వచ్చిన బైగా స్త్రీని ఆ ఉత్తర్వు చూపించి తిప్పి పంపేవారు. క్యాంపులో సంఖ్య కావాల్సి వచ్చినప్పుడు అదే తెగ స్త్రీని బల్ల ఎక్కించారు. తమ హక్కు కోసం బైగా ఆడవాళ్లు చివరికి హైకోర్టు మెట్లెక్కారు. వద్దన్నా వాళ్ల ఇష్టమే, కావాలన్నా వాళ్ల ఇష్టమే.

ఆపరేషన్ క్యాంపులను మూడేళ్లలో ఎత్తేయాలని 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2022 ఆగస్టులో, రాజధాని పక్కనే ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు పోయారు. హైదరాబాద్ పక్కనే అట్లా ఉంటే, వాగు దాటి అడవిలో ఉన్న మన గతి ఏమిటి?

ఇక మర్యాద మాటలు చాలు. పురిటి నొప్పులొస్తే డోలీ కట్టుకుని వాగు దాటుతున్నాం. 108 ఊరి బయటే ఆగిపోతుంది. ఆపరేషన్ కేసులు కావాలంటే మాత్రం జీపు గూడెంలోకే వస్తుంది! 1996లోనే టార్గెట్లు ఎత్తేశామన్నారు. మరి నెలాఖరు సమీక్షలో ఏఎన్‌ఎమ్‌ను నిలబెట్టి అడిగే సంఖ్య ఏమిటి? కేసుకింత అని ఇచ్చే డబ్బు ఏమిటి? ఆశా మన గూడెం బిడ్డే. ఆమె మీద మనకు కోపం లేదు. ఆమె మెడ మీద లెక్క పెట్టినవాళ్ల మీదే కోపం.

ఇప్పుడు గాలి ఇంకో వైపు తిరిగింది. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని 1994 చట్టంలో రాసిన చోటే, 2024 నవంబరులో ఆంధ్ర అసెంబ్లీ ఆ నిబంధన కొట్టేసింది. ఇంకా కనండి అంటున్నారు అక్కడి ముఖ్యమంత్రి. నిన్న వద్దు, నేడు ముద్దు. రెండుసార్లూ మనల్ని అడిగినవారు లేరు. మన కడుపు మీ జనాభా పద్దుల పుస్తకం కాదు!

"వాళ్లకు చెప్పినా అర్థం కాదు" అనే పెద్దలకు ఒకటే జవాబు: కోయలో చెప్పి చూడండి. "డాక్టర్లకు తీరికెక్కడ?" అంటారా? వేలిముద్ర వేయించుకోవడానికి దొరికిన తీరిక, చెప్పడానికీ దొరుకుతుంది.

మా డిమాండ్లు:

1. లూపు, ఆపరేషన్ గురించిన మాట కాన్పుకు ముందు నెలల్లోనే, ఆమె భాషలో, ఆమె కోరుకున్న మనిషి పక్కన ఉండగా జరగాలి. నొప్పుల బల్ల మీద తీసుకున్న వేలిముద్ర చెల్లదు.

2. లూపు తీయమని అడిగిన రోజే పీహెచ్‌సీలో తీయాలి. కారణం అడగొద్దు.

3. ఆపరేషన్‌కు భర్త సంతకం కావాలని నిబంధనల్లో లేదు. 18 నిండిన స్త్రీ గర్భస్రావానికీ చట్టప్రకారం ఆమె అంగీకారమే చాలు. ఈ మాట ప్రతి దవాఖాన గోడ మీద రాయాలి.

4. కేసుల లెక్క, కేసుకింత డబ్బు రద్దు చేయాలి. ఇంజెక్షన్, మాత్రలు, కండోములు ప్రతి ఉపకేంద్రంలో ఉండాలి. మగవాళ్లకు ఆపరేషన్ గురించి మగవాళ్లతోనే మాట్లాడాలి.

5. ఈ ఏజెన్సీలో గత మూడేళ్లలో వేసిన లూపులన్నింటిపై విచారణ జరగాలి. పేర్లు బయటపెట్టకుండా ఆ నివేదికను గ్రామసభల్లో చదవాలి.

వచ్చే సోమవారం ఐటీడీఏ గిరిజన దర్బార్‌కు తరలి రండి. తల్లీబిడ్డ కార్డు వెంట తెచ్చుకోండి. అందులో ఏం రాశారో చదువుకున్న మన పిల్లలు అక్కడే చదివి వినిపిస్తారు. అప్పటిదాకా, చదివి వినిపించని కాగితం మీద వేలు పెట్టకండి. పురిటి గదిలో ఎవరైనా మన బిడ్డ చెయ్యి పట్టుకుంటే, బయట ఉన్న తల్లీ, అత్తా లోపలికి వినబడేట్టు అడగండి: "ఇది దేనికి?" జవాబు చెప్పనివారి సంగతి దర్బార్‌లో ప్రాజెక్టు అధికారి ముందే తేల్చుకుందాం.

ఇట్లు,
భద్రాచలం ఏజెన్సీ గూడేల ఆడవాళ్లం