ఎవరూ కూర్చోని పీట

1900 మార్చి 28. ఇప్పటి ఘానాలోని కుమాసి పట్నం. అసాంటే పెద్దలందరినీ పిలిపించి బ్రిటిష్ గవర్నరు ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నాలుగేళ్ల కిందట పట్టుకుపోయిన మీ రాజు ఇక తిరిగి రాడన్నాడు. యుద్ధం ఖర్చుల బాకీ వడ్డీతో కట్టాలన్నాడు. చివర్లో అసలు సంగతికి వచ్చాడు: మీ బంగారు పీట ఎక్కడ దాచారు, మహారాణి తరఫున వచ్చిన తనకు దాన్ని ఎందుకు వేయలేదు అని. పెద్దలు నోరెత్తకుండా విని ఇళ్లకు వెళ్లిపోయారు. కొద్ది రోజులకే ఎజిసు రాజమాత యా అసాంటెవా నాయకత్వంలో యుద్ధం మొదలైంది. గవర్నరు భార్యతో సహా కోటలో చిక్కుకుపోయాడు.

పాపం, ఆయనకు తెలియని ముక్క ఒకటుంది. ఆ పీట మీద రాజు కూడా కూర్చోడు.

అది ఆకాశం నుంచి తొలి రాజు ఒసెయ్ టుటు ఒళ్లోకి దిగిందనీ, జాతి ప్రాణమంతా దానిలోనే ఉందనీ అసాంటేల నమ్మకం. దాన్ని నేలకు తగలనివ్వరు. దాని కోసం వేరే ఆసనం ఉంటుంది. పట్టాభిషేకం నాడు కొత్త రాజును దాని మీదికి మూడుసార్లు, ఒళ్లు తగలకుండా దించి లేపుతారు, అంతే. యుద్ధంలో అసాంటేలు ఓడిపోయారు. యా అసాంటెవా సీషెల్స్ దీవుల్లో ప్రవాసంలోనే 1921లో కన్నుమూసింది. పీట మాత్రం గవర్నరుకు దొరకలేదు.

హైదరాబాద్‌లో నెలకో ఆదివారం కూడి ఆఫ్రికా చరిత్ర, సాహిత్యం చదువుకోవాలనుకున్న ఒక చిన్న బృందం ప్రణాళిక రాసుకుందామని కూర్చున్నప్పుడు మొదట చెప్పుకున్న కథ ఇదే. గుడి, బడి, గద్దె మూడింటినీ విడదీసి చదివితే ఆఫ్రికా అర్థం కాదన్నది వీళ్ల మొదటి తీర్మానం. గవర్నరు అడిగింది ఒక ఆసనం. అసాంటేలకు వినపడింది తమ దేవుణ్ణీ చరిత్రనూ ప్రభుత్వాన్నీ ఒకేసారి అప్పగించమన్న మాట. బృందానికి ఇంకా పేరు లేదు. దాని మీద మూడు ఆదివారాలు వాదులాడి, పేరు లేకపోయినా చదువు ఆగదు కదా అని వదిలేశారు.

రెండో తీర్మానం పేర్ల గురించే. ఏ జాతిని ఆ జాతి పిలుచుకునే పేరుతోనే రాయాలి. పాత పద్ధతిలో అసాంటేలను ‘అశాంతి’ అని రాస్తే తెలుగులో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు! పోటీ పరీక్షల గైడ్లలో ‘చీకటి ఖండం ఏది?’ అన్న బిట్ తరతరాలుగా నడుస్తోంది. ఆ మాట ఈ బృందం కాగితాల్లో కనపడకూడదు. టింబక్టూలో శతాబ్దాల నాటి ఖగోళం, న్యాయశాస్త్రం, వైద్యం రాతప్రతులు ఇళ్లలో తరతరాలుగా దాచుకుంటూ వచ్చారు. 2012లో సాయుధ ముఠాలు ఊరిని ఆక్రమిస్తే, అబ్దెల్ కాదర్ హైదరా అనే గ్రంథాలయాధిపతి, ఆయన సహచరులు వాటిని ట్రంకు పెట్టెలకెత్తి రహస్యంగా బమాకో చేర్చారు. ఆ గైడ్లు రాసినవాళ్లకు ఈ కబురు ఎవరైనా అందిస్తే బాగుండు.

దేశాల పేర్లూ అంతే. అప్పర్ వోల్టా అనేది ఫ్రెంచివాళ్లు నదిని చూసి తగిలించిన పేరు. 1984 ఆగస్టు 4న థామస్ సంకరా ప్రభుత్వం దాన్ని తీసేసి బుర్కినా ఫాసో అని పెట్టింది. ‘బుర్కినా’ మోరే భాష మాట, నిజాయితీపరులని. ‘ఫాసో’ జులా మాట, తండ్రి ఇల్లని. పౌరులను పిలిచే ‘బుర్కినాబే’లో చివరి ‘బే’ ఫులా భాషది. ఒక్క దేశం పేరులో మూడు భాషలవాళ్లకు చోటు దొరికింది.

చదువు దగ్గర బృందం ఎక్కువసేపు ఆగింది. కెన్యా రచయిత గూగీ వా థియాంగో తన బడి గురించి రాసిన సంగతి అందరికీ తెలిసిందే. స్కూలు ఆవరణలో గికుయు మాట్లాడి దొరికితే బెత్తం దెబ్బలు, లేదా మెడలో తానొక గాడిదనని చెప్పే పలక. దొంగను పట్టడానికి ఒక బొత్తాం పిల్లల చేతులు మారుతూ తిరిగేది. తల్లిభాష మాట్లాడినవాడి చేతికి దాన్ని అంటగట్టాలి. సాయంత్రానికి ఎవరి దగ్గర ఉంటే వాడు దానిని తనకు ఇచ్చినవాడి పేరు చెప్పాలి, అలా వరసంతా బయటపడాలి. పిల్లల్ని పిల్లల మీదికి వేగులుగా ఉసిగొల్పే ఏర్పాటది.

ఇది దూరదేశపు ముచ్చట అనుకునే వీలు తెలుగువాళ్లకు లేదు. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక ప్రైవేటు బడిలో, ఇకపై తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలకు వేలాడదీశారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. కెన్యాలో ఆ పని చేయించింది వలస పాలన. ఇక్కడ ఎవరు చేయించినట్టు? ప్రణాళికలో ఈ ప్రశ్నను ప్రశ్నగానే వదిలారు.

1977లో గూగీ లిమూరు దగ్గరి కమిరీథు గ్రామంలో రైతులతో, కూలీలతో గికుయు నాటకం ఆడించాడు. ఇంగ్లీషులో ఎంత ఘాటుగా రాసినా ఊరుకున్న స్వతంత్ర కెన్యా ప్రభుత్వం, ఊరి భాషలో ఊరివాళ్లు ఆడేసరికి నాటకాన్ని నిషేధించి ఆయన్ని కామిటి జైల్లో పెట్టింది. అక్కడ టాయిలెట్ కాగితం మీద ఆయన గికుయు నవల రాశాడు. గూగీ రచనల్ని వరవరరావు తెలుగులోకి తెచ్చింది కూడా జైలు గదిలోనే. ఒక జైల్లో రాసింది ఇంకో జైల్లో తెలుగవడం వల్లనే వీళ్లలో చాలామందికి ఆఫ్రికా తలుపు తెరుచుకుంది. అందుకని ఇంగ్లీషు పుస్తకం చదివినా చర్చ తెలుగులోనే జరగాలని రాసుకున్నారు.

దైవం విషయంలో నియమం కటువుగా ఉంది: ‘మూఢనమ్మకం’, ‘చేతబడి’ అన్న మాటలు వాడేముందు పోచమ్మకు బోనమెత్తే ఇంటివాళ్లు ఒకసారి ఆలోచించాలి. తెలుగు సినిమా చేతబడిగా చూపే వోడూన్‌ బెనిన్ దేశంలో కొలుపులున్న మతం. జనవరిలో దాని పేరిట అక్కడ సెలవు కూడా ఇస్తారు. ఆ దేశపు అబోమే కోటను ఫ్రెంచి సైన్యం 1892లో దోచుకుపోయింది. అందులో 26 వస్తువులు 2021 నవంబరులో తిరిగి వచ్చాయి. వాటిలో సొరచేప తలతో నిలబడ్డ బెహాంజిన్ రాజు కొయ్యబొమ్మ ఒకటి. పారిస్ మ్యూజియంలో అది కళాఖండం. కోటోనూలో వరసకట్టి చూసినవాళ్లకు ముత్తాత. కాంగోలో సిమోన్ కింబాంగు 1921లో ఆరు నెలలైనా బోధించలేదు. వైద్యం చేసే ప్రవక్తగా ఆయన వెంట జనం నడిచినందుకే బెల్జియం పాలకులు మరణశిక్ష వేసి, దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆయన ముప్పై ఏళ్లు జైల్లో ఉండి అక్కడే చనిపోయాడు. కింబాంగు క్రైస్తవుడే. తెల్లదొర అనుమతి లేని క్రైస్తవుడు కావడమే చిక్కు.

వారసత్వం పేరు చెప్పగానే చేతులు జోడించే అలవాటు వద్దని కూడా ప్రణాళికలో ఉంది. కాంగో నియంత మొబుటు 1971లో దేశం పేరును జయీర్ చేశాడు. ఆ తర్వాత క్రైస్తవ పేర్లు, సూటూ టై మానేయమన్నాడు. ఖజానాను మాత్రం ముప్పై రెండేళ్లు సొంత సంచీలా వాడుకున్నాడు. ఆ ‘జయీర్’ కూడా పోర్చుగీసువాళ్ల నోట నలిగిన కికోంగో మాటే. టాంజానియా అధ్యక్షుడు నైరేరే వేరే మనిషి. 1967లో అరూషా ప్రకటన చేసి, మరుసటి నెలలోనే స్వావలంబన చదువు గురించి వ్యాసం రాశాడు. తీరిక వేళ షేక్స్‌పియర్ నాటకాలు రెండు స్వాహిలీలోకి తెచ్చాడు. అయినా ప్రాథమిక బడి దాటితే ఇంగ్లీషు మీడియమే మిగిలింది. ‘ఉజామా’ అనే ఉమ్మడి ఊళ్లలోకి రానివాళ్లను డెబ్బైల్లో బలవంతంగా తరలించారు. ఆయన మీద గౌరవం పెట్టుకుని ఇది కూడా చదవాలన్నది బృందం పట్టుదల.

స్వయంనిర్ణయం మీద పెద్ద సిద్ధాంతం ఏదీ రాయలేదు, ఒక ఒప్పందం కథ రాశారు. 1889లో ఇథియోపియా, ఇటలీ ఉచ్చాలేలో సంతకాలు చేశాయి. పదిహేడో అధికరణం అమ్హారిక్‌లో ఒకలా, ఇటాలియన్‌లో ఇంకోలా ఉంది. విదేశీ వ్యవహారాలు ఇటలీ ద్వారా నడపవచ్చు అని ఒకటి, నడపాలి అని రెండోది. ‘వచ్చు’కూ ‘లి’కీ మధ్య దూరం 1896 మార్చి 1న అడ్వా కొండల్లో తేలింది. ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ సైన్యం ఇటలీ దండును చిత్తుగా ఓడించింది.

ఇక హైదరాబాద్ సంగతి. ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని సిద్దీ గుర్రపు దళం నివాసం. బారాత్‌లో సిద్దీల మర్ఫా వాద్యం మోగితే చిందేసేవాళ్లు, కొట్టేవాళ్ల తాతలు ఎక్కడివాళ్లో అడగరు. ఊళ్లో చదువుకుంటున్న సూడాన్ విద్యార్థినీ టాంజానియా విద్యార్థినీ ఒకే పేరుతో, ‘నైజీరియన్’ అని పిలుస్తారు, ఇల్లు అద్దెకిచ్చే ముందు తటపటాయిస్తారు. బృందంలోని వాళ్లు తమ అపార్టుమెంట్లలో ఈ మాట ఎత్తాలని నియమం. ఇంటావిడ మొహం మాడ్చుకున్నా సరే.

చందా నెలకు వంద. ఆఫ్రికా తరఫున ఎవరూ మాట్లాడకూడదు, చదివింది చెప్పాలి, తెలిసినవాళ్లను అడగాలి. తొలి సమావేశానికి పదిహేడో అధికరణం ఎంచుకున్నారు. అమ్హారిక్ చదివి వినిపించడానికి ఇథియోపియా విద్యార్థి ఒకరు ఒప్పుకున్నారు. ఇటాలియన్ వచ్చినవాళ్ల కోసం ఇంకా వెతుకుతున్నారు.