రెండొందల అడుగుల లోపల

మా కాలనీ సంక్షేమ సంఘం ఇన్నేళ్ళలో మునిసిపల్ ఆఫీసుకు పెట్టుకున్న అర్జీల్లో నూటికి నూరుపాళ్ళు ఫలించింది ఒక్కటే. డ్రైనేజీ గురించి పెట్టింది కాదు. వీధి దీపాల గురించి పెట్టింది అసలే కాదు. మా వీధి చివర నైట్ షెల్టర్ పెట్టొద్దని రాసింది. ఆ అర్జీ రాసింది నేనే.

“మీ దస్తూరీ గుండ్రంగా ఉంటుంది సార్, పైగా నాలుగు ముక్కలు పొందిగ్గా రాయగలరు” అన్నారు కార్యదర్శి గారు. పొగిడితే పడిపోనివాళ్ళెవరు? కూర్చుని రెండు పేజీలు రాసిచ్చాను.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో మా కాలనీకి నడిచి వెళ్ళేంత దూరంలో పెద్ద సర్కారు ఆసుపత్రి ఉంది. జిల్లాల నుంచి రోగుల్ని తీసుకొస్తారు. రాత్రిపూట వార్డులో రోగి పక్కన ఒక్కరినే ఉండనిస్తారు. వెంట వచ్చిన మిగతావాళ్ళు గేటు బయట ఫుట్‌పాత్ మీదో, మూసిన షాపుల ముందో దుప్పటి పరుచుకుంటారు. మా వీధి చివర ఎప్పటినుంచో ఖాళీగా పడి ఉన్న మునిసిపాలిటీ భవనం ఒకటుంది. దాన్ని బాగుచేసి, ఇలాంటివాళ్ళు రాత్రిళ్ళు తలదాచుకోడానికి ఇద్దామన్నారు. అంతే, మా కాలనీ భగ్గుమంది.

అర్జీలో ఏడు అభ్యంతరాలు రాశాను. ఆడపిల్లలు ట్యూషన్ల నుంచి వచ్చే దారి అని ఒకటి. ఉన్న నీళ్ళే చాలడం లేదని ఒకటి. వచ్చేవాళ్ళు ఎవరో, ఎలాంటివాళ్ళో తెలియదని ఒకటి. జబ్బులు అంటుకుంటాయని ఒకటి. (మూడో వీధి డాక్టరుగారు ఇది రాయొద్దని చెప్పినా వినకుండా రాశాం. ఆయన సంతకం పెట్టలేదు.) ఫ్లాట్ల రేట్లు పడిపోతాయన్నది మాత్రం రాయలేదు. అందరి మనసులో మొదట ఉన్నది అదే. అరవై రెండు సంతకాలు పడ్డాయి. భవనానికి వేసిన తాళం అలాగే ఉండిపోయింది.

ఈమధ్య అమెరికా సుప్రీంకోర్టు 1985లో ఇచ్చిన ఒక తీర్పు చదివాను. చదువుతుంటే, మా అర్జీని ఇంగ్లీషులోకి ఎవరు తర్జుమా చేశారా అనిపించింది.

టెక్సాస్ రాష్ట్రంలో క్లెబర్న్ అని ఒక పట్నం. 1980లో అక్కడ ఫెదర్‌స్టన్ వీధిలో ఒకావిడ ఇల్లు కొన్నారు. నాలుగు పడగ్గదుల ఇల్లు. బుద్ధిమాంద్యం ఉన్న పదముగ్గురు ఆడా మగా అందులో ఉంటారు, సిబ్బంది ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటారు. అలా నడిపే సంస్థకు ఇల్లు అద్దెకివ్వాలని ఆవిడ ఆలోచన.

మన మాస్టర్ ప్లాన్లలో ఇది నివాస జోను, ఇది వాణిజ్య జోను అని రంగులు వేసి ఉంటాయి కదా, అక్కడా అంతే. ఆ వీధి ఉన్న జోనులో అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు. విద్యార్థుల హాస్టళ్ళు, లాడ్జింగులు, ఆసుపత్రులు, వృద్ధుల నర్సింగ్ హోములు, క్లబ్బులు... ఏది పెట్టుకున్నా ప్రత్యేకంగా ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ ఇంటికి మాత్రం ప్రత్యేక అనుమతి కావాలన్నారు. నిబంధనల్లో పిచ్చివాళ్ళకు, మందబుద్ధులకు కట్టే ఆసుపత్రులని ఒక పద్దు ఉంది, ఇదీ దాని కిందికే వస్తుందన్నారు. ఆ అనుమతి ఏటేటా తిరిగి తీసుకోవాలి. దరఖాస్తుతోపాటు, చుట్టూ రెండొందల అడుగుల లోపల ఆస్తులున్నవాళ్ళ సంతకాలు తెచ్చుకోవాలి!

కౌన్సిల్లో ముగ్గురు వద్దన్నారు, ఒకరు సరేనన్నారు. కారణాలు చూడండి. చుట్టుపక్కల ఆస్తిపరుల్లో ఎక్కువమందికి ఇష్టం లేదు. ముసలివాళ్ళు భయపడుతున్నారు. ఎదురుగా స్కూలుంది, పిల్లలు వీళ్ళను ఏడిపిస్తారేమో. ఐదొందల ఏళ్ళకోసారి వరద వచ్చే చోటది, వస్తే వీళ్ళెలా తప్పించుకుంటారు? ఒక ఇంట్లో పదముగ్గురంటే మరీ ఎక్కువ.

కోర్టు వీటిని ఒక్కొక్కటే విప్పి చూసింది. వరద నర్సింగ్ హోముకైనా వస్తుంది, ఆసుపత్రికైనా వస్తుంది, వాటికి లేని అడ్డు దీనికెందుకు? ఇదే ఇంట్లో అంతమందీ హాస్టల్లా ఉంటామంటే ఇవ్వని అభ్యంతరం వీళ్ళు ఉంటామంటేనే ఎందుకొచ్చింది? ఇక ఎదురుగా ఉన్న స్కూలు సంగతి. అందులో అప్పటికే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు సుమారు ముప్ఫైమంది చదువుకుంటున్నారు. ఈ ఇంటికి పెట్టిన షరతుకు ఆధారం దురభిప్రాయం తప్ప మరొకటి లేదని తేల్చి కొట్టేసింది.

అది చదివి కాస్సేపు బాల్కనీలో నిలబడ్డాను. మా వీధిలో మగపిల్లల హాస్టళ్ళు మూడున్నాయి. వాటిలో ఎవరుంటున్నారో, ఎలాంటివాళ్ళో మేం ఎన్నడూ అడగలేదు. ఫంక్షన్ హాలుంది. పెళ్ళిళ్ళ సీజన్‌లో అర్ధరాత్రి దాటాక కూడా బాజాలు మోగుతాయి. దానికోసం మా సంతకాలు ఎవరూ తీసుకోలేదు. మా అపార్ట్‌మెంటు మెట్ల కింద వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఇస్త్రీ బండి అతను ఆ బండి మీదే పడుకుంటాడు. ఇక ఆసుపత్రివాళ్ళు షెల్టర్ రాకపోతే వెళ్ళిపోయారా అంటే, లేదు. కిరాణా కొట్టు షట్టర్ ముందు పడుకుంటున్నారు. ఎవరు రాకూడదని అరవైరెండు మందిమి సంతకాలు పెట్టామో వాళ్ళు రెండొందల అడుగుల లోపలే ఉన్నారు. లోపల పడుకోవాల్సినవాళ్ళు బయట పడుకున్నారు, అంతే తేడా.

అమెరికాలో ఆ తీర్పుతో గొడవ సద్దుమణగలేదు. షెల్టర్ పెట్టాలంటే ప్రత్యేక అనుమతి అడగాలన్న నిబంధన చాలా ఊళ్ళలో ఉండేది. అనుమతంటే బహిరంగ విచారణ, విచారణంటే మాలాంటివాళ్ళు బారులు తీరడం. దీనికి విరుగుడుగా కాలిఫోర్నియా 2007లో ఒక చట్టం చేసింది. ప్రత్యేక అనుమతి లేకుండా షెల్టర్ పెట్టుకోగల జోను ప్రతి నగరమూ కనీసం ఒకటి చూపించి తీరాలి. సాయం అవసరమైనవాళ్ళకు సేవలు కలిపి ఇచ్చే ఇళ్ళను ఆ జోనులోని మిగతా ఇళ్ళలాగే చూడాలి. సరే, ఊళ్ళకు ఉపాయాలు తక్కువా? చాలాచోట్ల గోడౌన్లు, ఫ్యాక్టరీల మధ్య ఉన్న ప్రాంతానికి ఆ రంగు పూసి చేతులు దులుపుకున్నారు. ఆ సందు మూయడానికి 2022లో ఇంకో చట్టం తేవలసి వచ్చింది. మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే మిల్పిటాస్‌లో 2020లో ఒక హోటల్ని ఇల్లులేనివాళ్ళకు ఇళ్ళుగా మార్చబోతే పెద్ద గొడవే అయింది. ఆ పథకాన్ని స్థానిక జోనింగ్ నుంచి రాష్ట్రమే మినహాయించింది కాబట్టి పని జరిగింది.

ఇక మన సంగతి. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డులో ఇల్లులేనివాళ్ళు తలదాచుకుంటున్న తాత్కాలిక షెల్టర్‌ను మునిసిపల్ సిబ్బంది పీకేశారు. పేపర్లో వార్త చూసి హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2010లో సుప్రీంకోర్టు కూడా ఆహార హక్కు కేసులో భాగంగా దీన్ని పట్టించుకుంది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలన్న లెక్క అలా స్థిరపడింది. 2013లో వచ్చిన కేంద్ర పథకం మనిషికి యాభై చదరపు అడుగుల చోటు ఉండాలంది. ఇంకో మంచి మాట కూడా చెప్పింది. షెల్టర్లు రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గర, అంటే ఆ మనుషులు ఉండే చోట, పనిచేసే చోట ఉండాలని.

ఇది చాలా ముఖ్యం. అడ్డా కూలీ పొద్దున్నే అడ్డా మీద నిలబడకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. షెల్టర్ ఊరి చివర కడితే తెల్లారకముందు బస్సేది? ఉన్నా చార్జీలెవరిస్తారు? ఆసుపత్రివాళ్ళకైతే మరీ కష్టం. అర్ధరాత్రి సిస్టరమ్మ “ఫలానా మందు తీసుకురండి” అంటే అయిదు నిమిషాల్లో వచ్చి వాలాలి. దూరంగా కట్టి, ఎవరూ రావడం లేదని రిపోర్టు రాసి, దాన్ని మూసేయడం కన్నా సులువైన పని ఇంకోటి లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లులేనివాళ్ళు 17 లక్షల పైచిలుకు. వీళ్ళకు షెల్టర్ వద్దని మా కాలనీలో ఎవరూ అనలేదు సుమండీ. “ఉండాలండీ, తప్పకుండా ఉండాలి. ఇక్కడ కాదు” అన్నాం.

మొన్న కార్యదర్శి గారు మళ్ళీ వచ్చారు. ఆ భవనం ఫైలు కదిలిందట. పాత అర్జీ జెరాక్సు తెచ్చారు, తేదీ మారిస్తే చాలన్నారు. కొత్తది రాస్తానన్నాను. ఆడవాళ్ళకు వేరే గది, వేరే మరుగుదొడ్లు. రాత్రంతా కాపలా. ఆసుపత్రి చీటీ చూసి రిజిస్టర్లో పేరు రాసుకోవడం. నీళ్ళకు వేరే కనెక్షన్. కమిటీలో కాలనీవాళ్ళు ఇద్దరు. ఇవన్నీ చేస్తామంటే మాకు అభ్యంతరం లేదని రాశాను.

“హాస్టళ్ళవాళ్ళను ఇవన్నీ అడిగారా?” అంది మా ఆవిడ, భుజం మీదుగా చదివి. అడగలేదు. అయినా రాసింది కొట్టేయలేదు. ఇవి లేకుండా మా వీధిలో సంతకాలు పడవని నాకు తెలుసు.

కార్యదర్శి గారు కాగితం అటూ ఇటూ తిప్పి, “దీని మీద ఎవరు పెడతారు సార్ సంతకం?” అన్నారు. ఇప్పటికి నాలుగయ్యాయి. మొదటిది మూడో వీధి డాక్టరుగారిది.