మనసు నొచ్చినదట!

నేడు మనవారికి కోపము మిక్కిలి చౌకయైనది. నాటకములోని యొక పాత్ర పలికిన మాట తమ కులమునకో, వృత్తికో తగిలినదని తోచినంతనే ప్రత్యుత్తరము వ్రాయుట మాని పోలీసు ఠాణాకు పరుగిడుచున్నారు. (పెండ్లిపందిట వియ్యపురాలిని వెక్కిరించు పాటలకు విరగబడి నవ్వువారును వీరే!)

1874లో వివేకవర్ధనిని నెలకొల్పిన వీరేశలింగము పంతులుగారు వ్యవహారధర్మబోధినిలో వకీళ్ల మాయలను, బ్రహ్మవివాహములో బాలికను పెండ్లాడ నుబలాటపడు వృద్ధుని నవ్వులపాలు చేసిరి. ఆనాటి పెద్దలకు మనసు నొవ్వలేదా? నొచ్చినది, నొవ్వవలయుననియే వారు వ్రాసిరి. 1892లో ప్రదర్శింపబడిన కన్యాశుల్కమునాటికే నొప్పి నేరమై యున్నచో, కూతుండ్ర నమ్ముకొన్న అవధానులు ఫిర్యాదీలును, అప్పారావుగారు ముద్దాయియు నయియుందురు.

మతావమానమును శిక్షించు 295-ఎ సెక్షను 1927లో చేరినది. 2024లో అమలునకు వచ్చిన న్యాయసంహితలోను 299గా నిలిచియున్నది. చిరాకు కలిగించు వ్రాతలను సహితము నేరముచేసిన 66-ఎ సెక్షనును మాత్రము, దాని మాటలకు స్పష్టత లేదని, 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. చిరాకును తూచు త్రాసు ఏ న్యాయాధిపతియొద్ద నున్నది?

అట్లని ప్రతి వెకిలిమాటయు హాస్యము గాదు. వితంతువును, నత్తివానిని, పాకీపనివానిని ఎగతాళిచేసి, “ఇంతమాత్రము సహింపలేరా?” యని గద్దించువారు పంతులుగారి వారసులు కారు. ఆయన నవ్వినది పసిదాని నమ్మినవానిని గాని, అమ్ముడువోయిన పసిదానిని గాదు. “మేమింక మీ నవ్వులాటకు వస్తువులము గాము” అని దళితులును స్త్రీలును నేడు పలుకుచున్నచో, అది సుకుమారత కాదు, ఆలస్యముగా లభించిన గొంతు. ఆ గొంతునకు పత్రికలో చోటిండు, రంగస్థలమిండు. నడుమ మెజిస్ట్రేటు ఎందులకు?