బాట్ చెప్పలేదని మాత్ర మానేసింది అమ్మ

మొన్న ఊరెళ్లినప్పుడు ఫ్రిజ్ మీదున్న మందుల డబ్బా సర్దుతున్నా. ఈపాటికి ఖాళీ అయిపోవాల్సిన థైరాయిడ్ మాత్రల సీసా చేతిలో గలగలమంది. అరచేతిలో పోసి లెక్కపెడితే 13 ఉన్నాయి.

‘‘ఇవేంటమ్మా?’’ అన్నా.

‘‘నీ బాట్ చెప్పడం మానేసింది కదరా. డాక్టరుగారు ఆపమన్నారేమో, నువ్వే తీసేశావేమో అనుకున్నా’’ అంది.

ఆ బాట్ రాసింది నేనే. పైథాన్‌లో, టెలిగ్రామ్ కోసం. రోజూ ఉదయం 6 గంటలకు ‘అమ్మా, థైరాయిడ్ మాత్ర’ అని మెసేజ్ పంపడం దాని పని. ఆ 13 రోజులూ నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నా. మాత్ర సంగతి మాత్రం అడగలేదు. అది బాట్ చూసుకుంటుందిగా అని నా ధీమా!

మామూలు కోడ్ తప్పితే తెరమీద ఎర్రగా ఎర్రర్ వస్తుంది. రోజూ తనంతట తాను జరగాల్సిన పని ఆగిపోతే ఏమీ రాదు. మనకది ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మీరూ ఇలాంటి బాట్ ఏదైనా రాసుంటే, నేను పడ్డ గోతులు ఇవీ. మీరు పడకండి.

6 అంటే ఎవరి 6?

మొదటి రోజే దెబ్బ తగిలింది. ఉదయం 6కి రావాల్సిన మెసేజ్ 11:30కి వచ్చింది. ‘‘ఇప్పుడే ఇడ్లీ తిన్నాను కదరా, పరగడుపున వేసుకోవాలన్నారుగా’’ అని అమ్మ ఫోను. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. అదే క్లూ. నేను వాడిన పైథాన్-టెలిగ్రామ్-బాట్ లైబ్రరీలో, టైమ్‌జోన్ ఏదో చెప్పకుండా టైమ్ ఇస్తే అది యూటీసీ అనుకుంటుంది. మన టైమ్ దానికి 5:30 గంటలు ముందు. రన్_డైలీకి టైమ్ ఇచ్చేటప్పుడు జోన్‌ఇన్ఫోతో ‘ఏషియా/కోల్‌కతా’ అని జతచేస్తే సరిపోయింది. జోన్‌ఇన్ఫో పైథాన్ 3.9 నుంచి భాషలోనే ఉంది. మీ బాట్ కూడా ఐదున్నర గంటలు అటూ ఇటూ అయితే ఇంకేమీ వెతక్కండి, ముందు ఇదే చూడండి.

ఆదివారం వచ్చింది, శనివారం నాడు!

అమ్మకు వారానికోసారి విటమిన్-డి కూడా ఉంది. ఆదివారం గుర్తుచేయాలి. పాత ట్యుటోరియల్ చూసి 6 అని రాశా. శనివారం మోగింది. పాత వెర్షన్లలో 0 అంటే సోమవారం, 6 అంటే ఆదివారం. వెర్షన్ 20 నుంచి 0 అంటే ఆదివారం, 6 అంటే శనివారం. కాపీ కొట్టే ముందు అది ఏ వెర్షన్‌కు రాసిందో చూడండి.

ఒకటికి రెండు

ఓ రోజు మెసేజ్ రెండుసార్లు వచ్చింది. ఇది సరదాగా తీసుకునే తప్పు కాదు. రెండు మెసేజ్‌లు చూసి రెండు మాత్రలు వేసుకుంటే? జరిగిందేంటంటే, అమ్మ ‘స్టార్ట్’ మళ్లీ నొక్కింది. నా కోడ్ ప్రతి స్టార్ట్‌కీ ఇంకో కొత్త జాబ్ పెట్టేస్తోంది. ఇప్పుడు జాబ్‌కి చాట్ ఐడీతో ఓ పేరు పెడుతున్నా. ఆ పేరుతో పాతది ఉంటే తీసేశాకే కొత్తది పెడుతుంది.

ఒక్క సెకను ఆలస్యమైనా

తర్వాత నాకు ముచ్చటేసి, 5:59కి ఊళ్లో వాన పడుతుందో లేదో తెచ్చే పని కూడా పెట్టా. రిక్వెస్ట్స్ లైబ్రరీతో. దానికి మనం టైమవుట్ ఇవ్వకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. ఓ ఉదయం ఆ సైట్ మొరాయించింది. ఎసింక్ బాట్‌లో వంటమనిషి ఒక్కరే. పాలు పొంగే దాకా పొయ్యి దగ్గరే నిలబడిపోతే మిగతా వంటంతా ఆగినట్టే. వాన పని వదిలేసరికి 6 దాటిపోయింది. మాత్ర మెసేజ్ ఆలస్యంగా కూడా రాలేదు, అసలే రాలేదు. ఎందుకంటే లోపల పనిచేసే ఏపీషెడ్యూలర్ మామూలుగా ఇచ్చే గడువు ఒక్క సెకనే. అంతకు మించి ఆలస్యమైతే ఆ రోజు పనిని వదిలేసి, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. ఆ లాగ్ నేను చూస్తేగా!

రిక్వెస్ట్స్ తీసేసి ఎసింక్‌లో నడిచే హెచ్‌టీటీపీఎక్స్ పెట్టా, టైమవుట్‌తో సహా. మిస్‌ఫైర్_గ్రేస్_టైమ్‌ని 3600 సెకన్లు చేశా. మాత్ర కబురు పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, అసలు రాకపోతేనే ఇబ్బంది.

ఆ 13 రోజులు

ఇవన్నీ అయ్యాక ఇక తిరుగులేదనుకున్నా. అప్పుడు సర్వర్ రీస్టార్ట్ అయింది. బాట్ తనంతట తాను లేచింది. హాయ్ అంటే హాయ్ అంటోంది. కానీ జాబ్ క్యూ ఉండేది మెమరీలో. రీస్టార్ట్‌తో అందులోని జాబ్‌లన్నీ పోయాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా లేదు. దాని దృష్టిలో చేయాల్సిన పనే లేదు మరి.

ఇప్పుడు ఎవరికి ఏ టైమ్‌కి ఏం చెప్పాలో ఎస్‌క్యూలైట్ ఫైల్లో రాసి ఉంచుతున్నా. బాట్ లేవగానే అది చదివి జాబ్‌లన్నీ మళ్లీ పెట్టుకుంటుంది. ‘జాబ్స్’ అని ఓ కమాండ్ కూడా రాశా. ఏయే జాబ్ ఉంది, మళ్లీ ఎప్పుడు మోగుతుంది అనేది చూపిస్తుంది. ఏదైనా రాలేదంటే నేనిప్పుడు ఇదే వరసలో వెతుకుతా: జాబ్ పెట్టి ఉందా? ఏ టైమ్‌కి ఉంది? మొదలైందా? పూర్తయిందా? ఊహలతో కోడ్ కెలికే బదులు ఈ నాలుగూ అడిగితే సగం రాత్రి మిగులుతుంది.

మౌనానికి కాపలా

అసలు పాఠం మాత్రం వేరే. ‘మెసేజ్ వెళ్లిందా’ అని చూశానే గానీ, ‘వెళ్లకపోతే నాకెలా తెలుస్తుంది’ అని ఒక్కరోజూ అనుకోలేదు. ఇప్పుడు మెసేజ్ కింద ‘వేసుకున్నా’ అని బటన్ ఉంది. గంటలోపు అమ్మ నొక్కకపోతే బాట్ నాకు చెబుతుంది. మరి బాటే పడిపోతే? పడిపోయినవాడు పడిపోయానని చెప్పలేడు కదా. అందుకే హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ అనే సర్వీసుకు రోజూ పని అవగానే ఒక పింగ్ కొట్టిస్తున్నా. 6:15 లోపు పింగ్ రాకపోతే నాకు మెయిల్ వస్తుంది.

కోడ్‌తో పనిలేని సవరణ ఇంకోటి చేశా. అదే అన్నిటికన్నా ముఖ్యం. ‘‘బాట్ చెప్పకపోయినా మాత్ర ఆపొద్దమ్మా. డాక్టరుగారు ఆపమంటేనే ఆపాలి’’ అని కూర్చోబెట్టి చెప్పా. రక్తపరీక్ష మళ్లీ చేయించాం. ఇప్పుడు రోజూ వేసుకుంటోంది.

పోయినవారం 6:15కి మెయిల్ వచ్చింది, పింగ్ లేదని. కళ్లు నులుముకుంటూ ఫోన్ చేశా.

‘‘ఐదున్నరకే వేసుకున్నా లేరా’’ అంది అమ్మ. ‘‘నీ బాట్ నిద్రలేచే దాకా నేను కాఫీ తాగకుండా కూర్చోవాలా?’’