నడుమున పిస్తోలా? చేతిలో గురియా?

ఆయుధధారణ ప్రశ్న మన దేశమున కేవలము రక్షకభటశాఖకు సంబంధించినది కాదు. అది జాతి గౌరవమునకు సంబంధించినది. 1878లో లిట్టన్ ప్రభువు పాలనలో వెలువడిన ఆయుధశాసనము భారతీయుని చేతినుండి తుపాకిని లాగికొని, ఐరోపీయుని చేతిలో దానిని నిరభ్యంతరముగ నుండనిచ్చినది. ఆ అవమానమును అహింసావ్రతుడైన గాంధీజీయే 1918లో ఖేడా జిల్లాలో తీవ్రముగ గర్హించెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గొనిపోవుట ఆ శాసనమునకు మన్యము చెప్పిన సమాధానము. 1931లో కరాచీ కాంగ్రెసు, పౌరుల ప్రాథమిక హక్కులలో నియమబద్ధమైన ఆయుధధారణమును గూడ చేర్చినది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఈ హక్కు ఏమైనది? 1948 డిసెంబరులో రాజ్యాంగసభ యందు హెచ్.వి. కామత్ దానిని రాజ్యాంగమున జేర్చవలెనని సవరణ దెచ్చెను, సభ యంగీకరింపలేదు. సభ నిర్ణయము సముచితమే యని మా యభిప్రాయము. పరప్రభుత్వము ప్రజలకు భయపడి ఆయుధమును లాగికొనినది; స్వప్రభుత్వము ప్రజల ప్రాణములకై ఆయుధమునకు హద్దు గీచినది. రెండును ఒకటి కావు. 1959 శాసనము ప్రకారము లైసెన్సు అనుమతియే గాని హక్కు గాదు. అయితే హద్దు గీచిన ప్రభుత్వమునకు రెండు బాధ్యతలు కలవు: పౌరునకు నిర్భయత్వము గలిగించుట యొకటి; గురి నేర్వగోరు యువజనులకు తావు చూపుట రెండవది. ఈ రెండును సరిగా నెరవేరనిచో జనులు దుకాణమున పిస్తోలు కొరకు విచారింతురు.

హైదరాబాదు నగరపు తూర్పుకొస నేడు ఈ స్థితిలోనే యున్నది. హయాత్ బక్షీ బేగము పేరు మీద వెలసి, ఆమె మసీదును, హాథీ బావిని నేటికిని నిలుపుకొనియున్న హయత్‌నగరము, విజయవాడ బాటపై నొక మజిలీగా నుండిన కాలము గతించినది. దిల్‌సుఖ్‌నగరము మొదలు ఎల్.బి.నగరము మీదుగ అబ్దుల్లాపురముమెట్టు వరకు పొలములు ప్లాట్లయినవి. ప్లాట్లతోపాటు తగవులును మొలచినవి. 2022 మార్చిలో ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న కర్ణంగూడ వద్ద ఇద్దరు స్థిరాస్తి వ్యాపారులు తుపాకి కాల్పులకు బలియైరి. 2025 జూలైలో మలకపేట శాలివాహననగర ఉద్యానవనమునకు ఉదయము నడకకు వచ్చిన రాజకీయ కార్యకర్త నొకనిని కండ్లలో కారము చల్లి కాల్చిచంపిరి. ఇట్టి వార్తలు చదివినవారు "ఏ పిస్తోలు మేలు? మేగజైనులో ఎన్ని తూటాలు పట్టవలెను?" అని యడుగుటలో వింత లేదు. అదే సమయమున, హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో పదుమూడేండ్ల ప్రాయమున జాతీయ విజేతయై, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒక స్వర్ణమును, మూడు రజతములను గెలుచుట చూచిన పిల్లలును ఆ ప్రశ్ననే యడుగుచున్నారు. ప్రశ్న యొక్కటే, సమాధానములు వేరు. రెంటిని కలిపివేయుట చేతనే ప్రమాదము కలుగుచున్నది.

మొదట క్రీడ మాట. పందెమునకు దిగగోరువాడు ఎయిర్ పిస్తోలుతో నారంభింపవలెను. దాని గుండు 4.5 మిల్లీమీటర్లు, దూరము 10 మీటర్లు, నడిమి పదవ వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. 2016 ఆయుధనియమముల ప్రకారము 20 జౌళ్ల శక్తికి లోబడిన .177 బోరు గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము పిస్తోలు బరువు 1500 గ్రాములు మించరాదు. ట్రిగ్గరు బిగువు 500 గ్రాములకు తగ్గరాదు. ఈ హద్దులలో నేది కొనవలెనన్నచో, పేరు చూచి గాదు, పిడి చూచి కొనవలెను. పిడి అరచేతికి కుదిరినచో మణికట్టు తనంత తాను నిలుచును. కుదరనిచో ఎంత వెలగల యంత్రమైనను వ్యర్థమే.

పిమ్మట 25 మీటర్ల .22 పిస్తోలు. అచ్చట ట్రిగ్గరు బిగువు 1000 గ్రాములకు తగ్గరాదు. మేగజైను ప్రశ్న వచ్చునది ఇచ్చటనే. పురుషుల వేగపందెములో ఐదు లక్ష్యములపై ఐదు గుండ్లు మొదట 8 సెకండ్లలో, పిదప 6లో, తుదకు 4 సెకండ్లలో కాల్పవలెను. 2012 లండను ఒలింపిక్సులో విజయకుమార్ రజతము గెలిచినది ఈ పందెములోనే. ఐదు తూటాలకు మించి మేగజైనులో నింపుట నిషిద్ధము. కనుక ఎక్కువ తూటాలు పట్టుట ఇచ్చట గుణము గాదు. నింపిన ఐదును తడబడక పైకి వచ్చుటయే గుణము. .22 తూటాకు అడుగున అంచు కలదు. పైతూటా అంచు క్రిందితూటా అంచునకు వెనుక బడినచో రెండును పెనగొని ఆట నిలిచిపోవును. ఒక్కొక్క తూటాను దాని క్రిందిదానికి ముందుగా అంచు నిలుచునట్లు పేర్చవలెను. మేగజైను పైపెదవులు వంగినను, స్ప్రింగు బలము తగ్గినను, లోపల మురికి చేరినను ఫలితమొక్కటే. కావున క్రీడాకారుడు పిస్తోలుతోపాటు వచ్చిన కంపెనీ మేగజైనులనే వాడి, వానికి సంఖ్యలు వేసి, ఏది యెప్పుడు మొరాయించెనో వ్రాసికొని, దోషము గలదానిని పందెమునకు దూరముగ నుంచవలెను. నేల రాలిన మేగజైనును పరీక్షింపక తిరిగి వాడరాదు.

ఇక నడుమున ధరించు ఆయుధము. ఇచ్చట మన పౌరునకు ఎంపిక స్వల్పము. 9 మిల్లీమీటర్ల బోరు సామాన్యునకు నిషిద్ధము. దేశీయ కార్ఖానాల .32 రివాల్వరు, .32 పిస్తోలు, .22 రివాల్వరు అందుబాటులోనివి. 2014లో కాన్పూరు నుండి వెలువడిన 'నిర్భీక్' రివాల్వరు స్త్రీల రక్షణకని ప్రకటింపబడినది. 2019 సవరణతో ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు కాలము మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. విధిలేక ధరింపవలసినవాడు మమ్ము అడిగినచో, పిస్తోలు కంటె రివాల్వరే మేలందుము. దానికి మేగజైను లేదు, వంగు పెదవులు లేవు, అలసిపోవు స్ప్రింగు లేదు. ఒక తూటా పేలకున్నచో మరల మీట నొక్కిన వేరొక తూటా ముందునకు వచ్చును. పందెపు పిస్తోలునకున్న తేలిక మీట గర్వకారణము. నడుమున నట్టి మీట ప్రాణాంతకము.

పిస్తోలు గలవారు మరువరాని సత్యమొకటి కలదు. మేగజైను తీసినంత మాత్రమున పిస్తోలు ఖాళీ కాదు. గొట్టము వెనుక గదిలో ఒక తూటా మిగిలియుండవచ్చును. తుడుచుచుండగా పేలినదను వార్తలలో పెక్కింటికి మూలమిదియే. ముందు మేగజైను తీసి, పిదప పైభాగమును వెనుకకు లాగి, గదిని కంటితో చూచి, వ్రేలితో తడవి గాని ఖాళీ యని తలపరాదు. పందెపు రంగమున క్రీడాకారుడు కాల్చుట ముగియగనే గదిలో రంగుజెండా గ్రుచ్చి యందరికి చూపును. ఇండ్లలో ఆయుధమున్నవారికి ఆ పాటి క్రమశిక్షణ యేది?

అసలు ప్రశ్న వేరు. ఆ పిస్తోలు రక్షించునా? లైసెన్సుపై దొరకు తూటాలు పరిమితములు. క్రీడాకారుడు ఒక్క పందెములోనే అరువది కాల్చును. అట్టి పందెములు వందలు గడచిన పిదప గాని వాని చేయి కుదురుకొనదు. ధరించువాడో, కొన్ననాడు రెండు మూడు కాల్చి, ఏండ్ల తరబడి బీరువాలో దాచును. కండ్లలో కారము పడిన క్షణమున ఆ చేయి ఏమి చేయగలదు? తడబాటున పేలిన తూటా శత్రువునే తాకునను పూచీ యేది? దిల్‌సుఖ్‌నగరపు సందడిలో గురి దప్పిన తూటా ఎవరి బిడ్డను తాకునో! తుపాకి సులభముగ దొరకు అమెరికాలో మన తెలుగు విద్యార్థులే పలువురు కాల్పులకు బలియైరి. ఆ శవపేటికలు శంషాబాదు విమానాశ్రయమున దిగుట చూచిన జాతికి వేరే పాఠము వలయునా?

ధరించువారిలో కొందరికి భయము కంటె ప్రతిష్ఠయే కారణమని చెప్పక తప్పదు. తెలంగాణమునకు ఈ ప్రతిష్ఠ క్రొత్త గాదు. గడీలలో దొర పక్కన తుపాకి నిలిచిన దినములను మన తాతలు చూచిరి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కూలినది అట్టి తుపాకి గుండుకే. ఎదుట నున్న జనుల చేతులలో నుండినవి కర్రలును, వడిసెలలును. ఆ గడీలు కూలిన నేలపై నేడు ప్లాట్ల దొరలు తుపాకి నీడలో తిరుగుట ప్రజాస్వామ్యమునకు శోభ గాదు. పెండ్లి బరాతులలో గాలిలోనికి కాల్చువారికి 2019 సవరణ రెండేండ్ల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించినది. ఆ శిక్ష కాగితముపై నుండి దిగి రావలెను.

ప్రభుత్వమును మేము కోరునవి మూడు. మొదటిది: 2016 నియమములు కోరు శిక్షణపత్రము నామమాత్రము కాకుండవలెను, లైసెన్సు పునరుద్ధరణ వేళ గూడ గురిని, జాగ్రత్తను పరీక్షింపవలెను. రెండవది: నిజమైన ప్రాణభయముతో వచ్చువానికి తుపాకికి ముందు గస్తీ దొరకవలెను, భూతగవు ఠాణాలో నానక న్యాయస్థానమున త్వరగ తీరవలెను, పొరుగు రాష్ట్రములనుండి దొంగదారిన వచ్చు నాటు పిస్తోళ్ల మూలమును త్రెంపవలెను. మూడవది: 2002 జాతీయ క్రీడలకై కట్టిన కాల్పుల రంగము నగరమునకు పడమట, కేంద్రీయ విశ్వవిద్యాలయము చెంత నున్నది. హయత్‌నగరపు పిల్ల బడి విడిచిన పిదప నగరమంతయు దాటి యచ్చటికి పోయి, చీకటికి ఇల్లు చేరగలదా? పది మీటర్ల ఎయిర్ పిస్తోలు సాధనకు కోటలు కట్టనక్కరలేదు. గుండు దాటిపోని గోడలు, మంచి వెలుతురు, ఒక శిక్షకుడు, బడికి నాలుగు పిస్తోళ్లు చాలును. తూర్పు భాగపు సర్కారు బడులలో ఒక్కదానియందైనను దీని నారంభింపుడు.

నిరాయుధులమని కుమిలిన జాతికి స్వతంత్రదినములలో దొరకిన గౌరవము నడుమున దాచిన ఇనుములో లేదు. నిలిచి, ఊపిరి బిగబట్టి, పది మీటర్ల దూరమున నున్న చిన్న చుక్కపై చూపు నిలుపగల చేతిలో నున్నది. ఆ చేయి సాహెబునగరపు కూలియింటిలో నున్నను, పెద్దంబరుపేట రైతుయింటిలో నున్నను దానిని వెదకి, దానికి సాధన కల్పించుట ప్రభుత్వము విధి; తుపాకి కొనవలెనను తలంపు పుట్టని భద్రతను పౌరున కిచ్చుట అంతకంటె ముందరి విధి.