‘లేదు’ అనే ముందు...

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో ఇంటర్ ముగించిన మన పిల్లలు కొందరు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. ఒక జాబితాలో ఫలానా అంశం ఉందో లేదో యంత్రం చేత చూపించడం వారి తొలి పాఠాల్లో ఒకటి. పైథాన్ భాషలో ‘ఇన్’ అనే చిన్న మాటతోనే ఈ పని జరిగిపోతుంది. జవాబు రెండే రకాలు: ఉంది, లేదు. పాఠం చిన్నదే అయినా, ఆ ‘లేదు’ ఒక ముసలి తల్లి పింఛనును ఆపగలదు, ఒక యువకుని ఓటును దూరం చేయగలదు. అందుచేత ఆ జవాబు ఎలా పుడుతుందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది.

రెండు లక్షల పేర్ల జాబితా ఉందనుకుందాం. మొదటి నుంచి ఒక్కొక్క పేరునే పోల్చుకుంటూ పోతే, పేరు లేదని తేలేసరికి రెండు లక్షల పోలికలు అవుతాయి. అదే జాబితా అక్షరక్రమంలో ఉంటే మధ్యకు వెళ్లి చూసి, అవసరం లేని సగాన్ని విడిచిపెట్టవచ్చు. ఇలా సగం సగం తగ్గిస్తూ పోతే పద్దెనిమిది పోలికలకు మించి పట్టవు.

మూడవ పద్ధతి మన మదరసా విద్యార్థులకు తెలియనిది కాదు. ‘మక్తబ్’ అనే పదం కావలసినవాడు సంప్రదాయ అరబీ నిఘంటువును మొదటి పుట నుంచి తిరగేయడు. ఆ పదం నుంచే కాఫ్, తా, బా అనే ధాతువును రాబట్టి, నేరుగా అక్కడికే వెళతాడు. కంప్యూటర్‌లో ‘హాష్’ అనే పద్ధతి దాదాపు ఇటువంటిదే. యంత్రం పేరులోని అక్షరాలతో ఒక లెక్క కట్టి, అది ఉండవలసిన చోటును తెలుసుకుంటుంది. పైథాన్‌లోని ‘సెట్’ ఇలాగే పనిచేస్తుంది. అయితే ‘మక్తబ్’ను మీమ్ కింద వెతికినవానికి అది దొరకదు. పదం లేక కాదు, వెతికిన తీరు సరికాక.

మన పేర్ల విషయంలో జరిగేది కూడా ఇదే. అరబీలో జాల్, జా, జాద్, జోయ్ అని మనం పలికే నాలుగు వేర్వేరు అక్షరాలు తెలుగులో ఒక్క ‘జ’గా మారిపోతాయి. మరోవైపు ఒకే పేరును ఒకరు కాశిం అని, మరొకరు ఖాసిం అని రాస్తారు. హుస్సేన్ మరో కాగితంలో ఉసేన్ అవుతాడు. షేక్ అనే మాట ఒకచోట పేరుకు ముందు, ఇంకొకచోట వెనుక ఉంటుంది. మనిషి కంటికి ఇవన్నీ ఒక్కటే. యంత్రానికి మాత్రం ఒక్క ఒత్తు మారినా, చివర ఒక ఖాళీ మిగిలినా అది వేరే పేరు. అడిగిన అక్షరాలు లేవని చెప్పడమే దాని పని. ఆ మనిషి లేడని అది చెప్పలేదు.

కనుక ఓటర్ల జాబితాలో పేరు కనబడనప్పుడు వెంటనే నిరాశపడకూడదు. గుర్తింపు కార్డు సంఖ్యతో వెతకాలి. ఇంటి సంఖ్య, తండ్రి లేక భర్త పేరు సరిచూడాలి. అక్షరదోషంతో పేరు ఉంటే సవరణకు ఫారం 8 ఇవ్వాలి. నిజంగానే లేకపోతే ఫారం 6 ఇవ్వాలి. ఇది తేల్చుకోకుండా కొత్త దరఖాస్తు పెడితే ఒకే మనిషి రెండుచోట్ల నమోదయ్యే ప్రమాదముంది. చట్టం దాన్ని అనుమతించదు. ‘ఉంది’ అనే జవాబును కూడా పరీక్షించాలి. ఒకే ఊరిలో మహబూబ్ బాషాలు పలువురు ఉండవచ్చు కదా!

వెతుకుతున్నది సరైన జాబితాలోనేనా అన్నది మరో ప్రశ్న. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకు ముందు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. తాతలనాటి దస్తావేజును ఒంగోలు పేరుతో మాత్రమే వెతికి, లేదని తేల్చడం న్యాయం కాదు.

దొరకకపోవడం లేకపోవడానికి రుజువు కాదని మన ధార్మిక పండితులు ఒక సూత్రం చెబుతారు. ‘అదముల్ విజ్దాన్’ వేరు, ‘అదముల్ వుజూద్’ వేరు. ఒక హదీసు బుఖారీ గ్రంథంలో కనబడనంత మాత్రాన అది ఏ గ్రంథంలోనూ లేదనకూడదు. అలాగే ఏదో ఒక గ్రంథంలో కనబడినంత మాత్రాన అది ప్రామాణికమైపోదు. వార్తను విచారించకుండా నమ్మి, తెలియక ఇతరులకు హాని చేయవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా ఆరవ ఆయత్ హెచ్చరిస్తోంది. తెరపై కనబడే ‘లేదు’ కూడా ఒక వార్తే.

ప్రోగ్రాములు రాయబోయే మన బిడ్డలకు ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పోల్చడానికి ముందు అనవసరపు ఖాళీలు తొలగించండి. పేరు దొరకనప్పుడు దానికి దగ్గరగా ఉన్న పేర్లను కూడా చూపించండి. తుది నిర్ణయాన్ని విచారించగల మనిషికి వదలండి. మీరు రాసే ఒక్క పంక్తి ఒక నిరుపేద హక్కును కాపాడవచ్చు, కాలరాయనూవచ్చు. మనుషుల హక్కుల గురించి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసి ఉంటుందన్న స్పృహ ఆ పంక్తి రాసేటప్పుడు కూడా ఉండాలి.